ఫలనామ విచారము

హైదరాబాదు నగరమునకు తూర్పు వాకిలి వంటిది ఎల్.బి.నగర్ కూడలి. విజయవాడ రహదారిపై వచ్చు యాత్రికులు, నాగార్జునసాగరము వైపునుండి వచ్చు పల్లెవాసులు ఇచ్చట దిగి చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరుదురు. ఈ రెండింటి నడుమ కొత్తపేటలో చిరకాలము ఒక పెద్ద పండ్ల అంగడి ఉండెడిది. దానిని గడ్డిఅన్నారము మార్కెట్టు అని వ్యవహరించిరి. 2021లో ఆ అంగడిని అచ్చటనుండి తరలించి బాటసింగారమునకు చేర్చిరి. ఖాళీ అయిన స్థలమున పెద్ద ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగినది. ఐనను తోపుడుబండ్లు మాత్రము ఆ రహదారిని వీడలేదు.

ఆ బండ్లపై నల్లగొండ తోటలనుండి వచ్చిన పండ్లు కుప్పలుగా పోసియుండును. కొనవచ్చిన గృహిణి వాటిని బత్తాయిలు అనును. ప్రక్కనే రసము తీసి అమ్ము దుకాణముపై అదే పండునకు మోసంబి అని వ్రాసియుండును. పాతకాలపు పెద్దలు కొందరు తీపి నారింజ అందురు. పండు ఒక్కటే, పేర్లు మూడు. చిత్రమేమనగా, ఈ మూడింటిలో ఏ ఒక్కటియు ఈ నేలపై పుట్టి ఈ నేలపైననే నిలిచిన పేరు కాదు.

శ్రీవైష్ణవ గృహములలో తిరువారాధనము నియమముగా జరుపు పెద్దలకు ఇచ్చట ఒక సందేహము కలుగుట కద్దు. శ్రాద్ధమునందును, పెరుమాళ్ళ ఆరగింపునందును బంగాళాదుంప, క్యాబేజి, టమాట మున్నగు సీమ కూరగాయలను వారు వాడరు. పూరీ జగన్నాథుని మహాప్రసాదమునందు సైతము బంగాళాదుంపకు, టమాటకు చోటు లేదు. కూరగాయల విషయమున పాటించు ఈ నియమము పండ్లకు వర్తింపదా? పరదేశము పేరు మోయు పండును స్వామికి నివేదింపవచ్చునా? సందేహము చిన్నదిగనే కనిపించును. కాని దానిని కదల్చిన, తనది, పరాయిది అను మాటలకు అర్థమేమి అను పెద్ద ప్రశ్న వెంట కదలును. కావున ఆ పేర్లు నడచివచ్చిన దారిని కొంత చూడవలసియున్నది.

ముందుగా నారింజ. నిమ్మజాతి చెట్లన్నింటికి పుట్టినిల్లు హిమాలయముల ఆగ్నేయపు పాదములు, అనగా అస్సాము తూర్పుభాగము, బర్మా ఉత్తరభాగము, చైనాలోని యున్నాన్ పడమటిభాగము అని 2018లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది. సంస్కృతమున నారంగము, నాగరంగము అను రూపములు కలవు. అమరకోశమున నాగరంగ శబ్దము కనబడును. ఐతే ఈ మాట సంస్కృతమునకు సైతము దక్షిణదేశపు భాషలనుండియే పోయినదని పలువురు భాషావేత్తల మతము. తమిళమున నారత్తై, మలయాళమున నారంగ, తెలుగున నారదబ్బ. మూడింటి మొదట వినబడు నాదము ఒక్కటే. తమిళమున 'నఱు' అనగా పరిమళము గల అని అర్థము. సువాసనను బట్టియే ఈ ఫలమునకు పేరు వచ్చినదని వారి ఊహ. నారదబ్బ ఆకును నలిపి వాసన చూచినవారికి ఆ ఊహ కష్టముగా తోచదు.

ఈ మాట పారసీకులకు చేరి నారంగ్ అయినది. పారసీకులనుండి అరబ్బులు తీసికొనిరి. అరబ్బీ భాషలో గకారము లేదు; అందుచే వారి నోట అది నారంజ్ అయినది. వర్తకులును, సైనికులును అగు అరబ్బులు పుల్లని నారింజచెట్టును పది, పదునొకండవ శతాబ్దుల నాటికే సిసిలీ ద్వీపమునకు, స్పెయిను దేశమునకు కొనిపోయి నాటిరి. చెట్టుతో పేరు కూడ పోయినది. స్పానిషు భాషలో ఆ పేరు దాదాపు యథాతథముగా నిలిచినది. పోర్చుగీసులు మొదటి నకారమును లకారముగా మార్చి లరంజ అనిరి. ఇటలీవారి నోట ఆ నకారము పూర్తిగా లోపించి అరాంచ అయినది. ఫ్రెంచివారి నోట ఒరాంజ్ అయినది. ఒక పండు అని చెప్పునపుడు ముందు వచ్చు 'ఉన' అను మాటలోని నకారమును, పండు పేరులోని నకారమును ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. సంధి చేయక మాటాడలేని తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఫ్రెంచినుండి ఆంగ్లమునకు ఆరెంజ్ వచ్చినది. పదునారవ శతాబ్ది ఆరంభము నాటికి ఆంగ్లేయులు ఒక రంగునకు సైతము ఈ పండు పేరే పెట్టుకొనిరి. అంతకు పూర్వము ఆ రంగును చెప్పుటకు పసుపు, ఎరుపు కలిపి చెప్పుకొనెడివారు.

ఇక తెలుగు నారింజ. సంస్కృతమునుండి తిన్నగా వచ్చియున్నచో ఇది నారంగము కావలసినది. జకారము ఎచ్చటనుండి వచ్చినది? అరబ్బుల నోటినుండి. దక్కనులో పారసీకము రాజభాషగా వెలిగిన దినములలో ఈ రూపము తెలుగునేలకు వచ్చియుండును. అనగా దక్షిణమున పుట్టిన మాట సముద్రములు, ఎడారులు దాటి, పరభాష నేర్చుకొని, వేషము మార్చుకొని పుట్టింటికి తిరిగివచ్చినది. నారదబ్బ ఇంటిపట్టుననే ఉండిపోయిన అక్క. నారింజ దూరదేశము మెట్టి తిరిగివచ్చిన చెల్లెలు. నేడు ఇద్దరును ఒకే వాకిట నిలిచిన, చెల్లెలిని చూచి ఈమె ఎవరని అడుగువారే పలువురు.

తీపి నారింజ కథ వేరు. ఇది చైనానుండి వచ్చిన ఫలము. పోర్చుగీసు నావికులు దీనిని ఐరోపాకు, మధ్యధరా తీరములకు విరివిగా చేర్చిరి. అందుచే అరబ్బులు దీనిని బుర్తుకాల్ అనిరి, తురుష్కులు పోర్తకాల్ అనిరి, గ్రీకులు పోర్తొకాలి అనిరి. పారసీకులు సైతము ఇట్టి పేరే పెట్టిరి. అన్నింటికి అర్థము పోర్చుగలు అనియే. ఆ పోర్చుగలులో మాత్రము దీనిని పోర్చుగలు అనరు! డచ్చివారు కొంత మూలమెరిగి చైనా ఆపిలు అని అర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి. లోకము సాధారణముగా వస్తువునకు కన్నతల్లి పేరు పెట్టదు; చివరిసారి చేతికందించినవాని పేరు పెట్టును.

తెలుగునాట జరిగినదియు అదియే. మోసంబి అను మాట ఆఫ్రికాఖండపు తూర్పుతీరముననున్న మొజాంబిక్ దేశపు పేరునుండి పుట్టినది. అది గోవాలోని పోర్చుగీసువారికి మార్గమధ్యమున తగులు రేవుదేశము. బత్తాయి మాట బటేవియా నారింజ అనుదానినుండి వచ్చినదని చెప్పుదురు. వంగదేశీయులు పంపరపనసను నేటికి బాతాబి లేబు అనుట ఈ మాటకు తోడు నిలుచును. బటేవియా యనగా జావా ద్వీపమున డచ్చివారు 1619లో స్థాపించిన నగరము, నేటి జకార్తా. పదునేడవ శతాబ్దిలో మచిలీపట్టణమున డచ్చివారి వర్తకశాల ఉండెను. అచ్చటనుండి కలంకారి వస్త్రములు జావా వైపు పోవుచుండెను. వస్త్రములు పోయిన దారిని ఒక పేరు తిరిగివచ్చుటలో వింత లేదు. ఐతే ఆ బటేవియా పేరు సైతము జావాది కాదు. ఐరోపాలో రైన్ నదీముఖమున రోమకుల కాలమున నివసించిన బటావి అను తెగ పేరును డచ్చివారు తమ క్రొత్త నగరమునకు పెట్టుకొనిరి. ఆ తెగ ఏనాడో అంతరించినది. బటేవియా అను పేరును 1942లో తొలగిపోయినది. కొత్తపేట బండివాడు మాత్రము ప్రతిదినము సాయంకాలము ఆ పేరును ఎలుగెత్తి పిలుచుచున్నాడు. తాను ఎవరిని పిలుచుచున్నాడో అతనికి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు.

ఇప్పుడు సీతాఫలము సంగతి చూడవలెను. శరదృతువు వచ్చినదనగా పాలమూరు గుట్టలనుండి సీతాఫలములు బుట్టలతో దిగును. వనవాసమున సీతమ్మ ఆరగించినందున ఆ పేరు వచ్చినదని జనులు చెప్పుకొందురు. ఈ పండు మూలమున పరదేశపుదని తలచువారు అరుదు. కాని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము ప్రకారము సీతాఫలము జన్మస్థానము అమెరికాఖండపు ఉష్ణప్రాంతము. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలతో అది భారతదేశమునకు వచ్చినది. భార్హుత్ శిల్పములలో సీతాఫలమును పోలిన రూపము కలదని పందొమ్మిదవ శతాబ్దిలో కన్నింగ్‌హామ్ వాదించెను. ఆ వాదము నిలువలేదు. రామాఫలము, లక్ష్మణఫలము సైతము ఆ అమెరికా కుటుంబమునకు చెందినవే. హిందీవారు సీతాఫలమునకు షరీఫా, అనగా కులీనమైనది, అని అరబ్బీ పేరు కూడ పెట్టిరి. తైవాను ద్వీపవాసులకు పండుపైనున్న గుబ్బలు బుద్ధుని శిరస్సుపై చుట్టలు తిరిగిన కేశములవలె కనబడినవి. వారు దానిని శాక్యుని పేరుతో పిలుచుకొందురు. ఎక్కడనుండియో వచ్చిన ఒక ఫలమును చూచి ఒక జాతికి సీతమ్మ, మరియొక జాతికి బుద్ధుడు గుర్తునకు వచ్చిరి. ప్రేమించిన వస్తువునకు ప్రేమించిన వారి పేరు పెట్టుట మానవస్వభావము.

ఇట్లు చూచిన, సందేహించిన పెద్దల లెక్క తారుమారగుచున్నది. జన్మ పరదేశమైన సీతాఫలమును పేరు చూచి నిస్సంకోచముగా పళ్ళెరమున ఉంచుచున్నారు. నారింజపేరు మూలమున దక్షిణదేశపుదైనను, దాని ధ్వని విని అనుమానించుచున్నారు. జన్మను బట్టి నిషేధింపవలెనన్న సీతాఫలము మొదట పోవలెను. పేరును బట్టి నిషేధింపవలెనన్న నారింజ పోవలెను. రెండును పాటింతుమన్న అనాస, బొప్పాయి, జామ ఏవియు మిగులవు. మిరపకాయ సైతము అమెరికానుండి వచ్చినదే. మిరియమును పోలిన కారము గలదగుటచే తెలుగువారు దానికి మిరప అని పేరు పెట్టి ఇంటిలో కలుపుకొనిరి. అది లేని ఆవకాయను ఊహింపుమన్న ఎంతటి ఆచారపరుడైనను కొంత తడబడును.

అంతమాత్రముచే పెద్దల నియమమును ఎగతాళి చేయరాదు. తండ్రి తాతలు ఏవి నివేదించిరో వానినే నివేదింతును అనుటలో ఒక వినయము కలదు. క్రొత్తగా అంగడికి వచ్చిన ప్రతి వస్తువును స్వామి ముందునకు తెచ్చుటలో ఆ వినయము లేదు. పూరీలో పాటించునది అట్టి నియమమే. అది సంప్రదాయము, దానిని సంప్రదాయముగనే పాటింపవచ్చును. చిక్కు ఎప్పుడు వచ్చుననగా, ఆ నియమమును పట్టుకొని ఫలానా వస్తువు పుట్టుకచేతనే అపవిత్రమని తీర్పు చెప్పినపుడు. ఆ తీర్పునకు శాస్త్రమున ఆధారము వెదకిన, దొరకునది వేరొకటి.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున సాధనసప్తకమును వివరించుచు మొదటిదైన వివేకమును గూర్చి చెప్పిరి. వివేకమనగా ఇచ్చట శుద్ధాహారముచే శరీరమును శుద్ధముగా ఉంచుకొనుట. ఆహారమునకు మూడు దోషములు చెప్పబడినవి: జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము. జాతిదోషము ఆ ద్రవ్యము స్వభావమునకు చెందినది. ఉల్లి, వెల్లుల్లి వంటివి ఇందుకు ఉదాహరణములు. ఆశ్రయదోషము ఆ ఆహారము ఎవరి సొత్తు అనుదానిని బట్టి వచ్చునది. నిమిత్తదోషము బయటినుండి తగిలిన మాలిన్యముచే కలుగునది. ఈ మూడింటిలో దేశము లేదు, భాష లేదు, పేరు అసలే లేదు.

ఈ మూడు కొలతలను నేటి అంగడికి పట్టిన కన్నులు తెరచుకొనును. వేసవిలో నగరమునకు దిగు మామిడిని త్వరగా రంగు తేల్చుటకు కాల్షియం కార్బైడు పొట్లములను కాయల నడుమ పెట్టు దురలవాటు కలదు. దానియందు పాషాణము, భాస్వరము అను విషపదార్థముల అంశములుండును. ఇట్లు మాగబెట్టిన పండ్ల అమ్మకమును 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. 2015లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము ఈ విషయమును తనంత తాను విచారణకు చేపట్టినది. మామిడి పేరునందు ఏ దోషమును లేదు. జన్మ ఈ దేశముననే. కార్బైడు తగిలిన మామిడి నిమిత్తదోషము గల ఫలము కాదని ఏ పండితుడు చెప్పగలడు? ఇక ఆశ్రయదోషము. ప్రాచీనులు పతితుని అన్నమును ఉదాహరించిరి. రైతు రాత్రియంతయు లారీపై కూర్చుండి తెచ్చిన సరకునుండి అన్యాయపు తరుగు తీసి, తూకమున మోసము చేసి అమ్మిన పండును ఆ కోవలో చేర్చుట తప్పు కాజాలదు. బత్తాయి ఏ ఊరిదని అడుగు నోరు ఈ రెండు ప్రశ్నలను అడుగుట అరుదు. అడుగవలసినవి ఇవి.

పేరు విషయమున రామానుజులు చెప్పినది ఇంకను లోతైనది. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున పరదేవత జీవాత్మతో కూడ లోన ప్రవేశించి నామరూపములను విభజించినట్లు చెప్పబడినది. దీనిని ఆధారముగా చేసికొని రామానుజులు వేదార్థసంగ్రహమున, సమస్త వస్తువులకు అంతర్యామి పరమాత్మయే కావున, వస్తువును చెప్పు శబ్దము ఆ వస్తువు వద్దనే ఆగక దానిలోని జీవుని దాటి, ఆ జీవునికి ఆత్మయైన పరమాత్మ వరకు పోవునని నిరూపించిరి. గోవు, అశ్వము, మనుష్యుడు అను శబ్దములు శరీరముననే ముగియునని లోకులు తలచుట వేదాంతమును ఎరుగకపోవుటచేతనే యని వారి మాట.

ఈ న్యాయమును పండ్లబండి వరకు తెచ్చిన ఏమగును? నారంగ శబ్దము ఆ పండు లోపలి అంతర్యామిని చెప్పిన, నారింజ శబ్దమును చెప్పవలసినదే. బుర్తుకాల్ అన్నను, ఒరాంజ్ అన్నను, మోసంబి అన్నను ఆ శబ్దము తుదకు చేరు చోటు వేరు కాదు. సంస్కృతమునకు ఈ శక్తి ఉండి అపభ్రంశమునకు లేదందురా? అట్లనినచో ద్రవిడభాషలో వెలసిన తిరువాయ్‌మొళిని వేదముతో సమానముగా సన్నిధిలో అనుసంధించు శ్రీవైష్ణవులు ఆ మాట ఎట్లు అనగలరు? ఉభయవేదాంతమను పేరే ఆ శంకకు ఎన్నడో సమాధానము చెప్పినది.

శ్రీరంగక్షేత్రమున జరుగు ఒక ఆచారము ఇచ్చట స్మరింపదగియున్నది. రంగనాథునిపై ప్రేమచే పరితపించి ఆయన వెంట వచ్చినదని చెప్పబడు తురుష్క రాజకన్యకు ఆ ఆలయమున తులుక్క నాచ్చియార్ అను పేర సన్నిధి కలదు. ఆమె పుట్టింటి అలవాటు ప్రకారము అచ్చట గోధుమరొట్టెలు, వెన్న నివేదనముగా సమర్పింతురు. తెలుగువారు ఆమెను బీబీ నాంచారి అందురు. వరియన్నమే ప్రధానమైన ఆ దక్షిణదేశపు కోవెలలో ఉత్తరదేశపు రొట్టెకు చోటు దొరకినది. ఎవరి కొరకు చోటు ఇచ్చిరో ఆమె పేరునుబట్టియు, పుట్టుకనుబట్టియు పరాయిదే. శ్రీవైష్ణవాచార్యుల కోవెల అది; ఆచారము తెలియనివారు చేసిన పని కాదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాసులకు ఈ విచారము పండ్లతో ముగియునది కాదు. ఆ ప్రాంతపు పేరునే చూడుడు. దిల్ పారసీకము, సుఖ్ సంస్కృత సుఖశబ్దము, నగరము మరల సంస్కృతము. లాల్ బహదూర్ నగరులోని బహదూర్ శబ్దము మంగోలు జాతులనుండి పారసీకము ద్వారా వచ్చినది. సంకల్పమున కృష్ణాగోదావరుల నడిమి దేశమని గంభీరముగా చెప్పిన పురోహితుడే, చిరునామా అడిగిన దిల్‌సుఖ్‌నగర్ అనును! ఆ వీథులలో నివసించువారిలో నల్లగొండవారు, ఖమ్మమువారు, కృష్ణా గుంటూరులవారు, ఇతర రాష్ట్రములవారు కలరు. చదువు కొరకు వచ్చిన బాలురు, కూలి కొరకు వచ్చిన కుటుంబములు ఇల్లు అద్దెకు అడిగినపుడు, మొదట పేరు, పిమ్మట ఊరు, ఆపైన కులము అడిగి తలుపు వేయు గృహస్థులు అరుదు కారు. వారిలో నిత్యము తిరుమణి ధరించువారు కూడ కలరు. భాగవతుని పుట్టుకను విచారించుట, అర్చామూర్తి ఏ లోహముతో చేయబడినదని విచారించుట వంటి అపచారమని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున తెగేసి చెప్పిరి. తలుపు ముందు నిలిచినవాడు భాగవతుడు కాడని అతని పేరు మాత్రము విని ఎట్లు తెలిసినది?

ఇక మొదటి సందేహమునకు వత్తము. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు భక్తితో ఇచ్చినచో స్వీకరింతునని చెప్పినవానిలో ఫలము ఒకటి. ఏ ఫలమో చెప్పలేదు. వాల్మీకి రామాయణమున శబరి రామునకు సమర్పించినది అడవిలో సేకరించిన నానావిధ ఆహారమని మాత్రమే కలదు. రేగుపండ్లని, ఎంగిలి చేసినదని తరువాతివారు ప్రేమతో చేర్చుకొన్న మాట. శ్రీమద్భాగవతము దశమస్కంధము పదునొకండవ అధ్యాయమున గోకులమునకు ఒక పండ్లమ్మి వచ్చును. ఆమె పేరు లేదు, ఊరు లేదు. ఆమె గంపలోని పండ్ల పేరు కూడ లేదు. ఆమె కేక విని బాలకృష్ణుడు దోసిట ధాన్యము పట్టుకొని పరుగున వచ్చును. ఆ పరుగులో గింజలన్నియు వ్రేళ్ళ సందులనుండి జారిపోవును. మిగిలిన నాలుగు గింజల వైపు ఆమె చూడనైన చూడక, ఆ చిన్నిచేతులు రెండును పండ్లతో నింపును. ఆ పిమ్మట ఆమె గంప రత్నములతో నిండెనని శుకమహర్షి పరీక్షిత్తునకు చెప్పెను.